పిల్లల మధ్యాహ్న భోజనం: ఇంటి బాక్సా, వేడి క్యారేజీనా, స్కూల్ మెస్సా, బడి భోజనమా?

జూన్‌లో అడ్మిషన్ల హడావిడిలో ఫీజు ఎంత, వ్యాన్ ఏ సందు దాకా వస్తుంది, యూనిఫాం ఎన్ని జతలు అని అన్నీ అడుగుతాం. పిల్లలు మధ్యాహ్నం ఏం తింటారు, ఎక్కడ కూర్చుని తింటారు అన్నది మాత్రం బడి తెరిచే ముందు రోజు రాత్రి గుర్తొస్తుంది. అప్పుడు ఇంట్లో నాలుగు దారులు చర్చకు వస్తాయి. పొద్దున్నే బాక్స్ కట్టి పంపడం, మధ్యాహ్నానికి వేడిగా క్యారేజీ తీసుకెళ్లి ఇవ్వడం, స్కూల్లోనే మెస్‌కి డబ్బు కట్టేయడం, ప్రభుత్వ బడి అయితే అక్కడ పెట్టే భోజనమే తిననివ్వడం.

నేను ఆంధ్రాలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. మా బడిలో మధ్యాహ్న భోజనం చూసుకునే పనిలో నాకూ భాగం ఉంది. మా ఇంట్లోనేమో పొద్దున్నే బాక్స్ పట్టుకుని వ్యాన్ ఎక్కే పిల్లలున్నారు. ఏది మంచిదని అడిగే తల్లిదండ్రులను నేను మొదట ఒకటే అడుగుతాను: వండిన టైముకీ తినే టైముకీ మధ్య ఎన్ని గంటలు? రుచి, ఖర్చు, పోషకాలు అన్నీ దాని తర్వాతే చూడాలి.

ఆ గంటల సంగతి

వ్యాన్ ఏడున్నరకు వస్తుందంటే వంట ఆరున్నరకల్లా అయిపోవాలి. ఏడింటికి బాక్స్ మూత పడుతుంది. లంచ్ బెల్ పన్నెండున్నరకో ఒంటిగంటకో కొడతారు. అంటే ఆ అన్నం సుమారు ఆరు గంటలు బ్యాగులో పుస్తకాల మధ్య ఉంటుంది. వండిన ఆహారాన్ని గది వాతావరణంలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపు ఉన్న వేడిలో సూక్ష్మజీవులు చాలా త్వరగా పెరుగుతాయి. మన క్లాస్‌రూముల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఉండేది అలాంటి వేడే.

అన్నం విషయంలో ఇంకో చిక్కుంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి మళ్లీ పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం ఒకసారి తయారయ్యాక మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే రాత్రి గిన్నెలో మిగిలిపోయిన అన్నానికి పొద్దున తాలింపు పెట్టి బాక్స్‌లో సర్దడం వద్దంటాను. తాలింపు వాసన బాగుంటుంది కానీ జరిగిన నష్టాన్ని అది సరిచేయలేదు.

మరి మన అమ్మలూ అమ్మమ్మలూ ఇన్నేళ్లుగా బాక్సులు కట్టలేదా అంటారు. కట్టారు. వాళ్లు ప్రయాణానికి ఏం కట్టేవాళ్లో గుర్తు చేసుకోండి: పులిహోర, పెరుగన్నం, పొడులు, రొట్టెలు. నిలవ ఉండేదేదో వాళ్లకు బాగా తెలుసు. మన బాక్సులు కూడా ఆ లెక్కనే కట్టుకోవాలి.

పొద్దున్నే కట్టే బాక్స్

ఎక్కువ మంది ఎంచుకునేది ఇదే. ఏం వండామో, ఏ నూనె వాడామో మనకు తెలుస్తుంది. పిల్లలకు పడని పదార్థం ఏదైనా ఉంటే ఆ భయం ఉండదు. ఆ ఆరు గంటలు ఒక్కటే దీని బలహీనత. దాన్ని తట్టుకునే వంటలు ఎంచుకుంటే బాక్స్‌ను మించింది లేదు.

పులుపు ఉన్నవి, తడి తక్కువగా ఉన్నవి నిలుస్తాయి. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, మామిడికాయల రోజుల్లో మామిడికాయ అన్నం ఈ కోవలోవి. పెరుగన్నానికి ఒక పద్ధతి ఉంది. అన్నాన్ని వేడిగా ఉండగానే మెత్తగా మెదిపి, కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచా పెరుగు కలపాలి. బ్యాగులో ఉన్నంతసేపూ తోడుకుంటూ, లంచ్ టైముకి సరిగ్గా కమ్మగా తయారవుతుంది. పొద్దున్నే నిండా పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది, పిల్లలు ముట్టరు. ఎండాకాలం పెరుగు ఇంకా తగ్గించాలి, పాలు కాస్త ఎక్కువ పోయాలి. పైన దానిమ్మ గింజలో తురిమిన క్యారెటో వేస్తే చిన్నపిల్లలు ఇష్టంగా తింటారు.

అయితే వారమంతా పులిహోర, పెరుగన్నం అంటే పిల్లలకు దక్కేది ఎక్కువగా బియ్యమే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించి, 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాలు, చిరుధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటకూడదు. మన బాక్సులు తెరిచి చూడండి, ముప్పావు వంతు అన్నమే కనబడుతుంది. కాబట్టి పులిహోర ఉన్న రోజు పక్క గిన్నెలో ఉడికించి తాలింపు వేసిన శనగలు ఉండాలి, లేదా పులిహోరలోనే పల్లీలు గుప్పెడు ఎక్కువ పడాలి. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం పల్లీలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి, పొడి కొట్టి కలపండి. ద్రాక్షపళ్లను కూడా నిలువుగా చీల్చి పెట్టాలి.

పప్పు మానాల్సిన పని లేదు. పాలకూర పప్పు, టమాటా పప్పు, మామిడికాయ పప్పు గట్టిగా వండి, నెయ్యి వేసి అన్నంలో కలిపి పంపితే రెండో తరగతి పిల్లలు కూడా ఒలకబోయకుండా తింటారు. పప్పు వేరే గిన్నెలో, అన్నం వేరే గిన్నెలో పెట్టి, కలుపుకుని తినమంటే ఆ వయసులో కుదరదు. సగం చొక్కా మీద పడుతుంది, సగం వెనక్కి వస్తుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో మాత్రం పుల్లటి పప్పే మేలు, చప్పటి ముద్దపప్పు వద్దు.

ఇడ్లీ, దోసె పెట్టే రోజు కొబ్బరి చట్నీ పంపకండి. పొద్దున రుబ్బిన పచ్చికొబ్బరి మధ్యాహ్నానికి వాసన మారుతుంది. కందిపొడో పల్లీ పొడో నెయ్యిలో కలిపి ఇడ్లీలకు పట్టించి పంపితే రుచికి రుచి, చెడిపోయే భయమూ ఉండదు. కరివేపాకు పొడి వేసవికి ఇంకా మంచిది. కొబ్బరిపాలతో చేసిన పులావు, పనీర్ కూర, మయొనైజ్ రాసిన శాండ్‌విచ్, చికెన్, చేప, ఇవన్నీ సాయంత్రం ఇంట్లో వేడిగా తినేవి. ఆరు గంటల ప్రయాణానికి పనికిరావు.

గుడ్డు మీద నా అభిప్రాయం కొంచెం గట్టిగా ఉంటుంది. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంత తక్కువ డబ్బుకి అంత మంచి ఆహారం ఇంకోటి దొరకదు. అయితే ఉడికించి ఒలిచిన గుడ్డు బ్యాగులో ఆరు గంటలు ఉండటం మంచిది కాదు. పెంకు తీస్తుంటే చేతులు తగులుతాయి, తడి మిగులుతుంది. వేసవిలో గుడ్డును పొద్దున టిఫిన్‌తోనే తినిపించేయండి. చలికాలంలో బాగా గట్టిగా ఉడికించి, పగలని పెంకుతో పంపి, ఒలుచుకోవడం నేర్పండి. నాలుగో తరగతి పిల్లలకు అది చక్కగా వస్తుంది.

రక్తహీనత సంగతి తలచుకుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. వాళ్లే కదా పెద్దయి మన క్లాసుల్లో కూర్చునేది. తోటకూర, మునగాకు, పాలకూర బాక్స్‌లో ఏదో రూపంలో ఉండాలి. వాటితో పాటు నిమ్మరసమో జామకాయ ముక్కో వెళ్తే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గిపోతుంది. ఆరో తరగతి పిల్లలకు కూడా టీ అలవాటు చేసిన ఇళ్లు నాకు తెలుసు, దయచేసి మానిపించండి.

మూత పెట్టే పద్ధతి వంటంత ముఖ్యం. పొయ్యి మీంచి దించిన అన్నాన్ని అలాగే మామూలు స్టీలు బాక్స్‌లో కుక్కి మూత పెడితే ఆవిరి మూతకు పట్టి, బొట్లు బొట్లుగా మళ్లీ అన్నం మీదే పడుతుంది. లంచ్ టైముకి పైపొర చెమ్మగా, కాస్త జిగురుగా ఉంటుంది. చాలామంది పిల్లలు అన్నం బాలేదమ్మా అనేది దీని గురించే. వెడల్పు పళ్లెంలో పరిచి, ఆవిరి పోయేదాకా పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి సర్దాలి. వేడిగానే తినాలంటే మంచి థర్మోస్ రకం బాక్స్ కావాలి. అందులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొగలు కక్కుతున్న అన్నాన్ని నిండుగా పెట్టాలి. మధ్యాహ్నం తెరిచినప్పుడు చెయ్యి చురుక్కుమనాలి. గోరువెచ్చగా ఉంటే ఆ బాక్స్ మంచి కంటే చెడే ఎక్కువ చేస్తోందని అర్థం, సూక్ష్మజీవులకు నచ్చేది సరిగ్గా ఆ వేడే. ఆదివారం ఇంట్లోనే ఆరు గంటలు పెట్టి చూసుకోండి, ఏ బాక్స్ పని చేస్తుందో తెలిసిపోతుంది.

ఇక బాక్స్ ఏ రకం కొనాలంటే, స్టీలు. వేడి అన్నానికి, పులుపుకు, నూనెకు అన్నిటికీ తట్టుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బాలు పొడి చిరుతిళ్లకు పర్వాలేదు, వేడి కూరలకు వద్దు. పులిహోరను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టకండి, పులుపు తగిలితే ఆ లోహం తిండిలోకి దిగుతుంది. చపాతీలను న్యూస్‌పేపర్‌లో చుట్టే అలవాటు కూడా పోవాలి, ఆ సిరాలో హానికరమైన రసాయనాలుంటాయని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. స్టీలు బాక్స్‌లో ఒక చోటు మాత్రం ఎవరి కంటా పడదు. లీకవకుండా మూత లోపల ఉండే రబ్బరు వాచర్‌ని చెంచా కొసతో లేపి చూడండి. కింద నల్లటి బూజు గీతలా పట్టి ఉంటుంది, పాత పప్పు వాసన వస్తుంది. వారానికి రెండుసార్లయినా దాన్ని ఊడదీసి కడిగి, ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించాలి. పగుళ్లు వస్తే మార్చేయాలి.

కొనే ముందు ఆ మూతను పిల్లల చేతే తీయించి చూడండి. నాలుగు వైపులా క్లిప్పులున్న బాక్స్‌ను యూకేజీ పిల్లలు తీయలేక, ఆయమ్మను అడగడానికి సిగ్గుపడి, ఆకలితోనే ఇంటికి వస్తారు. వాళ్లకు తినడానికి దొరికేది అరగంట. చేతులు కడుక్కునే వరసలోనే కొంత పోతుంది. కొంచెం పెట్టండి, అది పూర్తిగా తిననివ్వండి. ఖాళీ బాక్స్ ఇచ్చిన ధైర్యంతో తర్వాత పెంచొచ్చు.

మధ్యాహ్నం తీసుకెళ్లే క్యారేజీ

ఇల్లు దగ్గర, ఇంట్లో తాతయ్యో నానమ్మో తీరిగ్గా ఉన్నారు, స్కూల్ ఒప్పుకుంటుంది. ఈ మూడూ కుదిరితే ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా దీన్నే ఎంచుకోమంటాను. పదకొండున్నరకు వండింది పన్నెండున్నరకు తింటారు. పప్పు, కూర, చారు, గుడ్డు ఏదైనా పెట్టొచ్చు. నా లెక్కలో బాక్స్ కంటే ఇది ఒక మెట్టు పైనే.

ఇబ్బంది ఎక్కడంటే, చాలా స్కూళ్లు గేటు దగ్గరే క్యారేజీలు తీసుకుంటాయి. అవి ఎండలో బల్ల మీదో నేల మీదో పేరుస్తారు. పావుగంట ముందే తెచ్చి పెట్టి వెళ్లిపోతే క్యారేజీలు మారిపోవడం కూడా మామూలే. ఎక్కడ పెడతారో, ఎవరు లోపలికి తీసుకెళ్తారో చూసుకోండి. నీడలో, నేలకు ఎత్తులో, పేరూ తరగతీ పెద్దక్షరాలతో రాసి ఉంటే చాలు. గేటు బయట రోడ్డు పక్కన కూర్చోబెట్టి ముద్దలు తినిపించడం మాత్రం వద్దు. దుమ్ము ఒకటైతే, తోటి పిల్లల్తో కలిసి తినే అలవాటు పోవడం ఇంకోటి. అందరితో కూర్చుంటే ఇంట్లో మొహం తిప్పుకునే బెండకాయ కూడా తింటారు.

క్యారేజీలు మోసే ఆటో అన్న ఉంటే ఆయన మీ ఇంటికి ఎన్నింటికి వస్తాడో అడగండి. ఇరవై ఇళ్లు తిరగడానికి పదింటికే వచ్చి తీసుకెళ్తే, వేడి క్యారేజీ అనుకున్నది కాస్తా మళ్లీ బాక్సే అవుతుంది.

స్కూల్ మెస్

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇది పెద్ద ఊరట. పొద్దున ఐదింటికి లేచే బాధ తప్పుతుంది, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కాకపోతే డబ్బు కట్టే ముందు ఆఫీసు గదిలో కూర్చుని కాకుండా వంటగది దాకా వెళ్లి మాట్లాడాలి.

మొదట, ఇక్కడే వండుతారా, బయటి క్యాటరింగ్ నుంచి వస్తుందా? బయటి నుంచి అయితే ఎన్నింటికి వండి, ఎన్నింటికి దించుతారు? మళ్లీ ఆ గంటల లెక్కే. పొద్దున ఎనిమిదింటికి వండిన ఫ్రైడ్ రైస్ ఒంటిగంటకు వడ్డిస్తే అది మీ ఇంటి బాక్స్ కంటే మంచిదెలా అవుతుంది? స్కూల్ మెస్ నడపడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి, దానికి 14 అంకెల నంబరు ఉంటుంది. అది గోడ మీద కనబడాలి. అడిగితే వెతుక్కుంటున్నారంటే ఆలోచించుకోండి.

తర్వాత నూనె. పూరీలు, బజ్జీలు, మంచూరియా వేయించిన నూనెను ఏం చేస్తారో అడగండి. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పాడవడం వల్ల ఏర్పడేవి) పెరుగుతాయి, అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదన్న నిబంధన ఉంది. మనం పరీక్ష చేయలేం కానీ, నల్లబడి, చిక్కబడి, నురగ వస్తున్న నూనెను కళ్లతో గుర్తుపట్టగలం.

మెనూ కాగితం తీసుకుని ఒక్క పని చేయండి. పప్పు, గుడ్డు, శనగలు, రాజ్మా, పెరుగు ఎన్ని రోజులు ఉన్నాయో టిక్కు పెట్టండి. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా, ఆలూ వేపుడు ఎన్ని రోజులో ఇంకో టిక్కు పెట్టండి. రెండోది ఎక్కువైతే పిల్లలు మెస్ బాగుందని మెచ్చుకుంటారు, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. చెప్పకుండా ఏదో ఒక రోజు వచ్చి పిల్లల్తో కూర్చుని తినొచ్చా అని కూడా అడగండి. రండి అన్న స్కూల్ మీద నాకు నమ్మకం కలుగుతుంది. ముందే అపాయింట్‌మెంట్ కావాలంటే, ఏడాది డబ్బు ఒకేసారి కట్టకుండా నెల నెలా కట్టే వీలుందేమో చూడండి.

క్యాంటీన్‌లో చిప్స్, కూల్‌డ్రింకులు అమ్ముతుంటే ఊరుకోవక్కర్లేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువ ఉన్న వాటిని బడిలో గానీ, బడి ఆవరణకు 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు కలిసి అడిగితే తీసేస్తారు.

ప్రభుత్వ బడి భోజనం

దీని మీద చిన్నచూపు నన్ను బాధపెడుతుంది. బడిలోనే, తినే గంటకు ముందే వండి వేడిగా వడ్డిస్తారు. నాలుగు దారుల్లో, వంటకూ తిండికీ మధ్య గడిచే సమయం సాధారణంగా ఇక్కడే అన్నిటికంటే తక్కువ.

2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడుల్లో బియ్యం పంచే పద్ధతి పోయి వండిన భోజనం వచ్చింది. ఇప్పుడు పీఎం పోషణ్ పేరుతో నడిచే ఈ పథకంలో ప్రైమరీ పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి. ప్రైమరీ పిల్లలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని కొలత కూడా ఉంది. కేంద్ర పథకం ఎనిమిదో తరగతితో ఆగుతుంది. మన రెండు రాష్ట్రాలూ తొమ్మిది, పది తరగతులకు కూడా పెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన ఈ భోజనంలో వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగి జావ ఇస్తారు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడా అన్నం పెట్టిన తల్లి ఆమె. తెలంగాణలో గుడ్డు వారానికి మూడు రోజులు. ఇంటి బాక్స్‌తో వారానికి ఐదు గుడ్లు పంపే ఇళ్లు ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

పరువు కోసమో, అలవాటు లేకో, ప్రభుత్వ బడి పిల్లలకు కూడా బాక్స్ కట్టే తల్లులున్నారు. బడి అన్నం కోసం పిల్లలు వరసలో నిలబడటం వాళ్లకు నచ్చదు. నేను చెప్పేది, ఆ బాక్స్‌లో అన్నం మానేసి కూరో, పండో, పెరుగో పంపండి. వేడి అన్నం, గుడ్డు బడిలో తిననివ్వండి. బడి పప్పు పల్చగా ఉంటే ఇంటి నుంచి వచ్చిన బీరకాయ కూర దానికి తోడవుతుంది. తెలంగాణలో గుడ్డు లేని రోజుల్లో ఇంట్లో పొద్దున ఒకటి పెడితే లెక్క సరిపోతుంది. గుడ్డు తీసుకుని పచ్చసొన పక్కన పారేసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఇంట్లో ఉప్పూ మిరియాలూ చల్లి రుచి అలవాటు చేయండి, మేం ఎంత చెప్పినా మీరు చేసినంత పని జరగదు.

లోపాలు దాచను. 2013 జూలైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర గండామన్ అనే ఊళ్లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది, మన పత్తి రైతులందరికీ తెలిసిన పురుగుమందే. పిల్లల కంటే ముందు టీచర్ రుచి చూడాలన్న నియమాన్ని ఆ తర్వాత గట్టిగా పట్టుకున్నారు. 2024 నవంబర్‌లో నారాయణపేట జిల్లా మాగనూరు హైస్కూల్లో కొద్ది రోజుల తేడాలోనే రెండుసార్లు పిల్లలు జబ్బుపడ్డారు. బడిలో వంట చేసే అక్కలకు బిల్లులు ఆలస్యమైతే అప్పు తెచ్చి సరుకులు కొంటారు, అప్పుడు నాణ్యత తగ్గుతుంది. అక్కల్ని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మా బడిలో పన్నెండు దాటాక గిన్నెల మూతలు తీసి, చిన్న పళ్లెంలో అన్నం, పప్పు, కూర వేసి తెస్తారు. అన్నం మెతుకు నలిపి చూస్తాను, పప్పు నోట్లో వేసుకుంటాను, గుడ్డు చిదిపి వాసన చూస్తాను. రిజిస్టర్‌లో టైము, రుచి చూసిన వాళ్ల సంతకం పడ్డాకే గంట కొడతారు. ఈ రిజిస్టర్‌ను మీరు అడిగి చూడొచ్చు. నెల రోజుల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వరసలో ఉంటే అవి ఒకే రోజు పెట్టినవని తెలిసిపోతుంది. సరుకుల గదిలోకి తొంగి చూడండి. బియ్యం బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద ఉన్నాయా, నూనె, పప్పు పక్కన ఫినాయిల్ గానీ పురుగుమందు గానీ ఉందా, చేతులు కడిగే చోట సబ్బు ఉందా? గుడ్డు మీద అనుమానం వస్తే నీళ్లలో వేయమనండి, తేలేవి పాతవి. తల్లిదండ్రుల కమిటీలో ఉంటే ఇవన్నీ అడగడం మీ పనే. ఆంధ్రాలో 2024 డిసెంబర్ 7న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు తల్లిదండ్రులు బడిలోనే పిల్లల్తో కలిసి తిన్నారు. అలా మీటింగ్ రోజే కాకుండా మామూలు రోజు కూడా ఒకసారి వచ్చి తినండి, మాకూ మంచిదే.

కొన్నిచోట్ల బడిలో వండకుండా పెద్ద కేంద్ర వంటశాలల నుంచి వ్యాన్లలో తెస్తారు. అక్కడ యంత్రాలతో శుభ్రంగానే వండుతారు, అయితే దూరం పెరిగే కొద్దీ ఆ వేడి నిలవాలి. డబ్బా మూత తీసినప్పుడు ఆవిరి రావాలి. కొన్ని వంటశాలలు గుడ్డు వండవు, అది విడిగా వస్తోందో లేదో కనుక్కోండి.

మరి మీ ఇంటికి ఏది?

పిల్లలు ప్రభుత్వ బడిలో ఉంటే బడి భోజనం, దానికి తోడు ఇంటి నుంచి ఒక చిన్న గిన్నె. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, వారానికోసారి కాస్త కన్నేసి ఉంచితే చాలు.

ప్రైవేటు స్కూల్, ఇల్లు దగ్గర, చిన్నపిల్లలు అయితే క్యారేజీ. దూరం, వ్యాన్, మూడో తరగతి పైన అయితే బాక్స్. వండే తీరిక నిజంగా లేనప్పుడు, వంటగది చూపించే స్కూల్ అయితే మెస్. వారమంతా ఒకటే దారి పట్టక్కర్లేదు. మెస్‌లో పప్పు, గుడ్డు ఉన్న మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు బాక్స్ అని మాట్లాడుకున్న ఇళ్లున్నాయి, స్కూళ్లు కూడా ఒప్పుకుంటున్నాయి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే లెక్క మళ్లీ మారుతుంది. ప్రైవేటు పిల్లలు పన్నెండున్నరకు బయటపడి ఇంటికొచ్చి తింటారు, మధ్యలో బ్రేక్‌కి కీర దోసకాయ ముక్కలు, అరటిపండు, మజ్జిగ బాటిల్ చాలు. ప్రభుత్వ బడుల్లో ఒంటిపూట రోజుల్లోనూ భోజనం పెట్టాకే పంపిస్తారు, తినకుండా వచ్చేయొద్దని చెప్పండి.

పిల్లలకు పల్లీలు, పాలు, గుడ్డు లాంటివి పడకపోతే బాక్స్ లేదా క్యారేజీయే, వేరే ఆలోచన వద్దు. ఆ సంగతి క్లాస్ టీచర్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి, పక్కవాళ్ల బాక్స్‌లోంచి పంచుకుంటారు కాబట్టి పిల్లలకూ అర్థమయ్యేలా చెప్పండి.

తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలైతే భోజనం మీదే అనుమానపడాలి. ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, జ్వరం గానీ రక్త విరేచనాలు గానీ ఉన్నా ఇంట్లో చూస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, నలుగురైదుగురు పిల్లలు ఒకేసారి పడిపోతే 108కి ఫోన్ చేయండి. మెస్‌లో గానీ బడిలో గానీ తిని ఉంటే వెంటనే అక్కడికి చెప్పాలి, మిగతా పిల్లల్ని చూసుకుంటారు, ఆ రోజు వండినదాన్ని పారబోయకుండా పరీక్షకు ఉంచుతారు. ఇంటి బాక్స్ అయితే కడగకుండా, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. డాక్టర్ మొదట అడిగేది ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అనే.